ఒక ఇంటికి ఒక పింఛను, ఒక నేతకు ఎన్ని?

2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పార్లమెంటు సభ్యుల జీతం నెలకు లక్ష రూపాయల నుంచి 1,24,000కు, మాజీ సభ్యుల పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగాయి. అయిదేళ్లకు మించి సభలో ఉన్న ప్రతి ఏడాదికీ మరో 2,500 రూపాయలు అదనం. ఈ పెంపు రెండేళ్లు వెనక్కి వెళ్లి 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తించింది. దీని కోసం కొత్తగా సభలో బిల్లు పెట్టాల్సిన పని లేకపోయింది. ధరల సూచీని బట్టి అయిదేళ్లకోసారి జీతమూ పింఛనూ వాటంతటవే పెరిగేలా 2018లోనే చట్టాన్ని మార్చుకున్నారు.

వృద్ధాప్య పింఛనుకు కేంద్రం ఇచ్చే వాటా సంగతి చూద్దాం. 1995 ఆగస్టు 15న ఆ పథకం మొదలైనప్పుడు నెలకు 75 రూపాయలు. 2007 నాటికి అది 200 అయింది. ఎనభై ఏళ్లు నిండని ముసలివాళ్లకు నేటికీ కేంద్రం వాటా ఆ 200 రూపాయలే. దాన్ని ఏ ధరల సూచీతోనూ ముడిపెట్టలేదు. 2006లో మాజీ ఎంపీ పింఛను 8,000 రూపాయలు. అది 2010లో 20,000, 2018లో 25,000, ఇప్పుడు 31,000. ఒకే ఖజానా, ఒకే ధరలు, ఒకే కాలం. ఒక పింఛను దాదాపు నాలుగింతలైంది, మరొకటి కదల్లేదు.

ప్రజాప్రతినిధికి జీతం ఉండాలా, పదవి దిగాక పింఛను ఉండాలా, ఉంటే ఒకటా రెండా, ఒక చేత్తో జీతం తీసుకుంటూ మరో చేత్తో పింఛను తీసుకోవచ్చా అన్న ప్రశ్నలకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను అనంతపురం మెట్ట నుంచి చూడడానికి కారణం ఉంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన ముఖం చూడని జిల్లాగా దీనికి పేరు. ప్రభుత్వం నుంచి వచ్చే నాలుగు రూపాయల విలువ ఇక్కడి ఇళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఒక రాష్ట్రపతిని, ఇద్దరు ముఖ్యమంత్రులను చట్టసభలతో ముడివేసిన గడ్డ కూడా ఇదే.

పాళెగాళ్ల తవర్జీలు, కరువు కూలీలు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అలా దత్తమండలాలైన ఈ ప్రాంతానికి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చి, అనంతపురం కేంద్రంగా పని మొదలుపెట్టాడు. అప్పటికి ఈ సీమలో ఎనభై మంది దాకా పాళెగాళ్లున్నారు. కోటలు, సైన్యాలు, శిస్తు వసూలు వాళ్ల చేతుల్లోనే ఉండేవి. మన్రో ఏడేళ్లలో వాళ్ల సైన్యాలను రద్దు చేశాడు, లొంగనివాళ్లను అణిచాడు, చాలామందికి పింఛన్లు కట్టాడు. వాటినే తవర్జీలన్నారు. అధికారం వదిలేసినందుకు ఇచ్చిన భృతి అది. అందులో ఒక షరతు స్పష్టంగా ఉంది: పింఛను పుచ్చుకున్నవాడికి పాళెం ఉండదు, పాళెం ఉన్నవాడికి పింఛను ఉండదు.

ఆ తవర్జీలు తరాలు గడిచేకొద్దీ ముక్కలయ్యాయి. కోయిలకుంట్ల వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి మిగిలింది నెలకు పదకొండు రూపాయల చిల్లర. బంధువర్గంలో ఒకరు వారసులు లేకుండా పోతే ఆ పింఛనులో రావలసిన భాగాన్ని కంపెనీ నిరాకరించింది. 1846లో ఆయన తిరుగుబాటు చేయడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1847 ఫిబ్రవరిలో ఆయనను ఉరితీశారు.

తర్వాత ముప్పయ్యేళ్లకు, 1876-78 ధాత కరువులో, బ్రిటిష్ ప్రభుత్వం కరువు పనులకు వచ్చిన కూలీల తిండిని తూకం వేసింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. కరువు పర్యవేక్షణకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర చాలునన్నాడు. ఆ కూలితో మనుషులు బతకరని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. పనిచేసే మనిషికి ఎంత తిండి చాలునన్న లెక్కను పైవాళ్లు ఇంత కచ్చితంగా కట్టిన మరో సందర్భం మన చరిత్రలో కనబడదు. తమ జీతాల విషయంలో ఆ కచ్చితత్వం వాళ్లెన్నడూ చూపలేదు. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయ్యేనాటికి ఇక్కడి జనానికి సర్కారు సొమ్ము గురించి తెలిసిన పాఠం ఇదే.

అయిదువందల రూపాయల ఆదర్శం

ప్రజాప్రతినిధికి జీతం అడిగినవాళ్లు మొదట పేదలు. ఇంగ్లండులో 1838లో చార్టిస్టు కార్మికులు తమ ఆరు కోరికల్లో ఒకటిగా ఎంపీలకు జీతం ఇవ్వాలన్నారు. జీతం లేకపోతే ఆస్తిపరులు మాత్రమే పార్లమెంటులో కూర్చోగలరని వాళ్ల వాదన. అది నెరవేరడానికి 1911 దాకా పట్టింది. ఏడాదికి 400 పౌండ్లతో బ్రిటిష్ ఎంపీల జీతం మొదలైంది. ఈ వాదనలోని న్యాయం నేటికీ చెల్లుతుంది. జీతం లేని రాజకీయం పాళెగాళ్ల వారసులకూ కాంట్రాక్టర్లకూ పనికొస్తుంది. కూలి ఇంట్లో పుట్టినవాడికి పనికిరాదు.

మన స్వాతంత్ర్యోద్యమం ఆ న్యాయానికి ఒక హద్దు గీసింది. 1931 కరాచీ కాంగ్రెస్ ప్రభుత్వ సేవకులెవరికీ నెలకు 500 రూపాయలకు మించి జీతం ఉండరాదని తీర్మానించింది. ద్వంద్వ పాలన కాలంలో మంత్రులు వేలల్లో జీతాలందుకున్న రోజులవి. 1937లో కాంగ్రెస్ ప్రభుత్వాలు ఏర్పడ్డప్పుడు, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా, మంత్రులు ఆ 500 రూపాయల జీతానికి కట్టుబడ్డారు.

జీతాల కోసం ఆనాడు చేసిన చట్టం పేరులో రెండు పనులు జంటగా కనిపిస్తాయి: జీతాల చెల్లింపు, అనర్హతల తొలగింపు. ఆ రెండూ కలవడానికి కారణముంది. ప్రభుత్వం నుంచి లాభం పొందే పదవిలో ఉన్నవాడు ప్రభుత్వాన్ని నిలదీయలేడన్నది చట్టసభల పాత నియమం. జీతం తీసుకోవడమే అనర్హత కాకుండా ఉండాలంటే ప్రత్యేకంగా చట్టం కావాలి. అంటే ఖజానా నుంచి ప్రతినిధికి అందే ప్రతి రూపాయీ ఒక మినహాయింపు. మన రాజ్యాంగం 102, 191 అధికరణాల్లో ఆ నియమాన్ని నిలిపింది. ఒకే మనిషి పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడిగా ఉండకూడదని 101వ అధికరణం చెప్పింది. ఎంపీల, ఎమ్మెల్యేల జీతభత్యాలను వాళ్ల సభలే చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చని 106, 195 అధికరణాలు చెప్పాయి. ఆ రెండు అధికరణాల్లో పింఛను మాట లేదు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. కొత్త శాసనసభ తొలినాళ్లలోనే మద్రాసు నమూనాలో జీతాల చెల్లింపు, అనర్హతల తొలగింపు చట్టం చేసుకుంది. మరుసటి ఏడాది పార్లమెంటు తన సభ్యులకు నెలకు 400 రూపాయల జీతం, సమావేశాల రోజుల్లో రోజుకు 21 రూపాయల భత్యం నిర్ణయించింది. పింఛను ఆలోచన అప్పటికి రెండు చట్టాల్లోనూ లేదు. ఆ రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం లక్షలు సంపాదించిన బారిస్టరు. అంతా ఉద్యమంలో పోగొట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా 1957లో కన్నుమూశారు.

ఒకే ఇంటి ఇద్దరు నేతలు

అనంతపురం రాజకీయాల్లో ఈ దశకు ఇద్దరు నిలువుటద్దాలు: ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, తరిమెలలో పుట్టిన తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి చెల్లెలు నాగరత్నమ్మ సంజీవరెడ్డి భార్య. 1952 ఎన్నికల్లో అనంతపురం స్థానంలో జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాగిరెడ్డి, కాంగ్రెస్ దిగ్గజం సంజీవరెడ్డిని ఓడించారు. బావాబావమరుదుల ఆ పోటీని సీమలో నేటికీ చెప్పుకుంటారు.

నాగిరెడ్డి 1957లో అనంతపురం ఎంపీ అయ్యారు. 1962లో పుట్లూరు నుంచి, 1967లో అనంతపురం నుంచి శాసనసభకు వెళ్లారు. 1969లో, ఈ సభల వల్ల రైతుకూలీకి ఒరిగేది లేదంటూ, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు. ఆయన నడిచిన కమ్యూనిస్టు ఉద్యమంలో సభ్యుల జీతం పార్టీకి చేరడం, పార్టీ ఇచ్చే కొద్దిపాటి వేతనంతో బతకడం ఆనవాయితీ. ఆయన ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగా 1976 జూలై 28న మరణించారు.

సంజీవరెడ్డి దారి వేరు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, మళ్లీ ముఖ్యమంత్రి, కేంద్ర మంత్రి, లోక్‌సభ స్పీకర్. 1964లో బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు రాగానే ముఖ్యమంత్రి పదవి వదిలారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఓడిపోయి అనంతపురం తిరిగొచ్చి సేద్యంలోకి దిగారు. అప్పటికి మాజీ ఎంపీకి పింఛను లేదు. ఇన్ని పదవులు చేసిన మనిషి అయినా ఇల్లు గడవడానికి పొలాన్ని చూసుకోవాల్సిందే. 1977లో నంద్యాల నుంచి గెలిచి, మళ్లీ స్పీకర్ అయి, ఆ జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చి ముప్పయ్యేళ్లయిన సందర్భంలో ఆయన చేసిన ప్రకటన ఈ చరిత్రలో పెద్ద అక్షరాలతో రాయదగ్గది. పేద దేశానికి సంఘీభావంగా తన జీతంలో 70 శాతం వదులుకుంటాననీ, రాష్ట్రపతి భవన్ విడిచి చిన్న ఇంటికి మారతాననీ ఆయన చెప్పారు. రాజ్యాంగం రాష్ట్రపతికి నిర్ణయించిన జీతం అప్పుడు పదివేలు.

రాజకీయంగా ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురు. సభ్యత్వం ఆదాయం కాదన్న విషయంలో మాత్రం ఇద్దరి మధ్యా తేడా లేదు.

భరణాలు పోయిన అయిదేళ్లకు

స్వతంత్ర భారతంలో అధికారం వదిలినందుకు భృతి పొందిన మొదటి వర్గం సంస్థానాధీశులు. అనంతపురానికి ఒక పక్క బనగానపల్లె, మరో పక్క సండూరు 1948-49 ప్రాంతాల్లో విలీనమైన చిన్న సంస్థానాలు. రాజభరణం అందుకుంటూనే ఎన్నికల్లో గెలిచి ఎంపీ జీతం తీసుకున్న మాజీ రాజకుటుంబీకులు దేశంలో చాలామంది ఉన్నారు. ఖజానా నుంచి రెండు దారుల్లో ఒకేసారి సొమ్ము అందుకున్న తొలి ప్రతినిధులు వాళ్లే. పుట్టుకతో వచ్చిన భరణం సమానత్వానికి విరుద్ధమన్న వాదనతో 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను రద్దు చేసింది. దేశం హర్షించింది. హర్షించదగ్గ పనే అది.

1972 ఆగస్టు 15న స్వాతంత్ర్య సమరయోధుల పింఛను మొదలైంది. నెలకు 200 రూపాయలు, అదీ ఏడాదికి 5,000 రూపాయలు మించని ఆదాయం ఉన్నవాళ్లకు. జైలుకు పోయి, ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లకు కూడా ప్రభుత్వం ముందు ఆదాయ ధ్రువీకరణ అడిగింది. 1980లో గానీ ఆ పరిమితి తొలగలేదు.

తర్వాత 1976 వచ్చింది. ఎమర్జెన్సీ నడుస్తోంది, ప్రతిపక్ష నేతలు జైళ్లలో ఉన్నారు, పత్రికలకు సెన్సారు ఉంది. ఆ ఏడాదే పార్లమెంటు తన 1954 చట్టాన్ని సవరించి, అయిదేళ్లు సభ్యులుగా ఉన్నవాళ్లకు నెలకు 300 రూపాయల పింఛను ఏర్పాటు చేసుకుంది. పైన ఉన్న ప్రతి ఏడాదికీ 50 చొప్పున, మొత్తం 500 దాటకుండా. దీనికి ఆదాయ పరిమితి పెట్టలేదు. ఇంత ముఖ్యమైన మార్పు దేశం నోరు విప్పలేని రోజుల్లో జరిగింది. అయిదేళ్ల కిందట రాజుల భరణం అన్యాయమని చెప్పిన సభే ఇప్పుడు మాజీ సభ్యుల భృతి న్యాయమంది. రాష్ట్రాల శాసనసభలు ఒకదాని వెంట ఒకటి అదే దారి పట్టాయి. 1953 నాటి మన రాష్ట్ర చట్టం పేరులోకి కూడా జీతాల పక్కన పింఛన్లు వచ్చి చేరాయి.

ఆ తొలి పింఛనులో ఒక సమర్థన ఉందని ఒప్పుకోవాలి. జైళ్లలోనూ సభల్లోనూ జీవితం గడిపి, ముసలితనంలో చేతిలో చిల్లిగవ్వ లేని సభ్యులు అప్పుడు చాలామంది ఉండేవారు. 300 రూపాయలు వాళ్లకు అన్నం పెట్టాయి. సమస్య పింఛను పుట్టడంలో కంటే అది పెరిగిన తీరులో ఉంది.

2004లో రెండు నిర్ణయాలు

2004 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో చేరిన ఉద్యోగులకు పాత పింఛను పోయింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు అదే పని చేసింది. దాని స్థానంలో చందా కట్టే పింఛను పథకం, సీపీఎస్, వచ్చింది. జీతంలో పది శాతం ఉద్యోగి కడతాడు, ప్రభుత్వం తన వాటా వేస్తుంది, చివరికి చేతికి ఎంత వస్తుందో మార్కెట్టు తేలుస్తుంది. గుంతకల్లులో బడిపంతులూ కళ్యాణదుర్గంలో నర్సూ ముప్పయ్యేళ్లు పనిచేసినా వాళ్ల ముసలితనానికి హామీ లేకుండా పోయింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఉద్యోగుల పోరాటాలు ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. 2023లో రాష్ట్రం హామీ పింఛను చట్టం చేసినా తగువు తీరలేదు.

అదే 2004లో పార్లమెంటు తన పింఛను నిబంధనను సడలించుకుంది. అయిదేళ్ల కనీస సభ్యత్వం షరతు తీసేశారు. ఎంతకాలం సభ్యుడిగా ఉన్నా, ఒక్కరోజైనా సరే, పింఛనుకు అర్హత వచ్చింది. సభ్యుడు తన జీతం నుంచి పింఛను నిధికి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఉద్యోగికి హామీ తీసేసిన కాలంలోనే ప్రతినిధికి షరతు తీసేశారు. ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, అన్యాయం ఎక్కడుందో ఎవరికైనా తెలుస్తుంది.

పింఛను దానం కాదని, చేసిన సేవకు వాయిదా వేసి ఇచ్చే వేతనమని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఏళ్ల తరబడి చేసిన కొలువుకు అది వర్తిస్తుంది. ఒక్కరోజు సభ్యత్వానికి ఆ తర్కం ఎలా అతుకుతుంది? మాజీ ఎంపీల పింఛను రాజ్యాంగ విరుద్ధమంటూ లోక్‌ప్రహరి అనే సంస్థ వేసిన పిటిషన్‌ను 2018 ఏప్రిల్‌లో తెలుగువాడైన జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ధర్మాసనం కొట్టేసింది. పింఛను ఇవ్వాలా వద్దా అన్నది పార్లమెంటు తేల్చుకోవలసిన విషయమని దాని సారాంశం. కోర్టు తలుపు మూసింది కాబట్టి ఇప్పుడు ఈ ప్రశ్న ఓటరు దగ్గరే ఉంది.

రెండు చేతులు: చట్టం ఎక్కడ ఆపింది, ఎక్కడ వదిలింది

నాయకుడు జీతమూ పింఛనూ రెండూ తింటున్నాడన్న మాట రచ్చబండల దగ్గర తరచూ వినిపిస్తుంది. అందులో ఎంత నిజమో కచ్చితంగా తెలుసుకుంటేనే నిలదీయగలం.

ఎంపీల చట్టంలోని 8ఎ సెక్షన్ ఒక హద్దు పెట్టింది. మాజీ ఎంపీ మళ్లీ ఏ సభకైనా ఎన్నికైతే, శాసనసభ, శాసనమండలితో సహా, ఆ కాలానికి ఎంపీ పింఛను ఆగుతుంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్ అయినా ఆగుతుంది. ప్రభుత్వం నుంచో ప్రభుత్వ సంస్థల నుంచో జీతం అందుకున్నా ఆగుతుంది. పాళెం ఉన్నవాడికి పింఛను లేదన్న మన్రో కాలపు షరతు ఇక్కడ బతికే ఉంది.

అదే సెక్షన్ మరో వాక్యంలో తలుపు తెరిచింది. మాజీ ఎంపీకి వేరే పింఛను ఏదైనా వస్తుంటే, దానితో పాటు ఎంపీ పింఛనూ తీసుకోవచ్చు. కాబట్టి ఒకప్పుడు ఎమ్మెల్యేగా, తర్వాత ఎంపీగా చేసి ఇంటికొచ్చిన నాయకుడికి రెండు పింఛన్లకూ దారి ఉంది. 2025 జూలైలో ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసిన జగదీప్ ధన్‌ఖడ్, మరుసటి నెలలో రాజస్థాన్ మాజీ ఎమ్మెల్యే పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నారు. అంతకుముందు ఆయన గవర్నర్ అయినప్పుడు అది ఆగింది. ఆయన మాజీ ఎంపీ, మాజీ ఉపరాష్ట్రపతి కూడా. చట్టప్రకారం మూడు పింఛన్లకు అర్హులు. ఆయన తప్పేమీ చేయలేదు. తప్పంతా అలా రాసిన చట్టానిదే.

మూడో దారి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రాజకీయాల్లోకి వచ్చినవాళ్లది. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలకు కలిపి పశ్చిమ రాయలసీమ ఉపాధ్యాయ, పట్టభద్రుల మండలి స్థానాలున్నాయి. రిటైరైన పంతులు అక్కడి నుంచి ఎమ్మెల్సీ అయితే సర్వీసు పింఛను ఆగదు, మండలి జీతమూ వస్తుంది. ఈ సందర్భాన్ని మిగతావాటితో ఒకే గాటన కట్టడం సరికాదు. ముప్పయ్యేళ్ల బడి పనికి వచ్చిన పింఛను అతని సంపాదన. దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. సభ నుంచి దిగాక దాని మీద మరో పింఛను చేర్చడానికి మాత్రం ఏ సమర్థనా కనిపించదు.

రూపాయి జీతం చాలదు

త్యాగాన్ని జనం గౌరవిస్తారని నాయకులకు తెలుసు. హిందూపురం నుంచి మూడుసార్లు గెలిచిన ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా రూపాయి జీతంతో పనిచేశారని పేరు. 2019లో వైఎస్ జగన్ కూడా రూపాయి జీతమే అన్నారు. 2024 జూలైలో పవన్ కళ్యాణ్, తన పంచాయతీరాజ్ శాఖలో డబ్బు లేదు కాబట్టి జీతం వద్దన్నారు. సంజీవరెడ్డి చేసిన పనికి ఇవి కొనసాగింపులు.

అయితే త్యాగం వ్యక్తులది, వాళ్లతోనే వెళ్లిపోతుంది. ఆస్తి ఉన్నవాడు జీతం వదులుకోగలడు. కూలి ఇంటి నుంచి గెలిచి వచ్చినవాడు వదులుకోలేడు, వదులుకోవాలని అడగడమూ అన్యాయమే. కాబట్టి ఒక్కొక్కరి ఉదారత మీద ఆధారపడకుండా అందరికీ ఒకే హద్దు గీసే చట్టం కావాలి. అటువంటి చట్టం చేయగలిగిన సభలు 2016 మార్చిలో ఇంకో పని చేశాయి. విభజన తర్వాత లోటు బడ్జెట్టుతో ఉన్న ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేల నెల వేతనం, భత్యాలు కలిపి 1.25 లక్షలకు పెంచింది. తెలంగాణ రెండున్నర లక్షలు చేసింది. తెలుగు సభల్లో పార్టీలు ఏకమైన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. మరుసటి నెల మొదలైన ఆర్థిక సంవత్సరంలో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 194 రూపాయలు.

ఉపాధి హామీ మాట వచ్చింది కాబట్టి బండ్లపల్లిని తలుచుకోవాలి. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలంలోని ఆ ఊళ్లోనే ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఆ పథకాన్ని దేశానికి అంకితం చేశారు. అనంతపురాన్ని ఎంచుకోవడానికి కారణం ఇక్కడి కరువే. వేరుశనగ మీద అప్పులు చేసి, వాన ముఖం చాటేస్తే బెంగళూరు బస్సెక్కే జనం వీళ్లు. అప్పట్లో 80 రూపాయలుగా మొదలైన రోజుకూలి 2025-26లో 307కు చేరింది. ఆ కూలి కోసం జాబ్‌కార్డు, హాజరు, కొలతలు, ఆధార్ అన్నీ కావాలి.

సామాజిక పింఛను నిబంధనలు ఇంకా కఠినం. రాష్ట్రం ఈ పింఛనును 2014లో 200 నుంచి 1,000కి, 2019 మొదట్లో 2,000కి, మెట్టు మెట్టుగా 2024 జనవరిలో 3,000కి, జూలైలో 4,000కి పెంచింది. ప్రభుత్వాలు మారినా ఈ పెంపు ఆగకపోవడం మంచి సంగతి. కానీ 2019 నుంచి రాసుకున్న అర్హతల చిట్టా చూడండి. ఒక ఇంటికి ఒక పింఛను, తీవ్ర వైకల్యం, డయాలిసిస్ వంటి కొన్ని మినహాయింపులతో. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ ఉండకూడదు. నెలకు 300 యూనిట్ల కరెంటు దాటకూడదు. భూమి మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట లోపే ఉండాలి. రాయదుర్గంలో, కంబదూరులో పదెకరాల మెట్ట ఉన్న రైతు వరుసగా రెండేళ్లు వాన లేకపోతే కూలికి పోతాడు. పట్టాదారు పుస్తకంలో అతను అనర్హుడు.

ముసలి దంపతుల్లో ఒకరికి ఇస్తే ఇంకొకరికి ఇవ్వక్కర్లేదని నిర్ణయించినవాళ్లు, ఒకే మనిషికి రెండు సభల పింఛన్లు ఇవ్వొచ్చన్న ఏర్పాటులో ఏ లోపమూ చూడలేదు. ఊరి సర్పంచికి గౌరవ వేతనం తప్ప పింఛనే లేదు.

ఇతరులు ఏం చేశారు

మార్గాలు లేక కాదు. అమెరికా కాంగ్రెస్ 1942 జనవరిలో, యుద్ధం మధ్యలో, తనకు తాను పింఛను ఇచ్చుకుంది. జనం భగ్గుమన్నారు. కాంగ్రెస్ సభ్యులకు పాత బట్టల మూటలు పంపుదామంటూ దేశమంతా ఉద్యమం నడిచింది. రెండు నెలల్లోనే మార్చిలో ఆ చట్టాన్ని రద్దు చేసుకున్నారు. మళ్లీ 1946లో పింఛను తెచ్చినప్పుడు సభ్యులు తమ వాటా కట్టే పద్ధతిలో తెచ్చారు. బ్రిటన్ 1965లో తెచ్చిన ఎంపీ పింఛను కూడా చందా కట్టే పద్ధతే. టెక్సాస్‌లో రిక్ పెర్రీ 2011లో గవర్నర్‌గా ఉంటూనే కాగితాల మీద రిటైరై, ఏడాదికి లక్షన్నర డాలర్ల జీతంతో పాటు 92 వేల డాలర్ల పింఛను అందుకున్న సంగతి బయటపడింది. డబుల్ డిప్పింగ్ అని అక్కడ దుమారం రేగింది. అది చట్టానికి లోబడే జరిగింది. చట్టం అనుమతించిందన్నంత మాత్రాన జనం సరేననరని ఆ ఉదంతం చూపింది.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. గుజరాత్‌లో మాజీ ఎమ్మెల్యేలకు పింఛను లేదు. దానివల్ల అక్కడ పోటీ చేసేవాళ్లు కరువైపోలేదు. పంజాబ్‌లో ఎన్నిసార్లు గెలిస్తే అన్ని పింఛన్లు కలిపి లక్షల్లో వచ్చే పద్ధతి ఉండేది. 2022లో భగవంత్ మాన్ ప్రభుత్వం చట్టం మార్చి, ఎన్నిసార్లు గెలిచినా ఒక్క పింఛనే అన్నది. కోపాలు వచ్చాయి గానీ సభ కూలిపోలేదు.

మన సభ చేయవలసింది

ఈ రెండు వందల ఏళ్లలో మనకు స్థిరంగా కనిపించే సూత్రం ఒకటే: ప్రజల సొమ్ము ఒక మనిషికి ఒక కారణంగా ఒకసారి అందాలి. మన్రో దాన్ని అణచివేతకు వాడుకున్నాడు, కరాచీ కాంగ్రెస్ ఆదర్శంగా చెప్పింది, రాజ్యాంగం లాభదాయక పదవుల నిషేధంగా రాసింది, సామాజిక పింఛను నిబంధనలు పేదల మీద అక్షరాలా అమలు చేస్తున్నాయి. తప్పించుకున్నది ఒక్క చట్టసభల పింఛనే.

కాబట్టి అడగవలసినవి స్పష్టమే. ఎన్ని సభల్లో ఎన్నిసార్లు ఉన్నా మాజీ సభ్యుడికి ఒకటే పింఛను, ఎక్కువ ఏదో అది తీసుకోవచ్చు. ఖజానా నుంచి ఏ రూపంలో జీతం అందుతున్నా ఆ కాలమంతా సభ్యత్వపు పింఛను ఆగాలి. దీన్ని రాష్ట్ర చట్టంలో ఎంపీల చట్టమంత స్పష్టంగా రాయాలి. పింఛను కావాలనుకున్న సభ్యుడు ఉద్యోగిలాగే జీతంలో పది శాతం కట్టాలి, కనీసం ఒక పూర్తి కాలం పనిచేయాలి. తమ జీతాలను తామే పెంచుకునే పద్ధతి పోయి, సభకు బయటి సంఘం నిర్ణయించాలి. ఎవరికి ఎంత పింఛను వెళుతోందో ఏటా శాసనసభ ప్రకటించాలి. ఊరి సచివాలయం గోడ మీద పింఛనుదారుల జాబితా అంటించే ప్రభుత్వానికి ఇది కొత్త పని కాదు. పార్లమెంటు సభ్యుల పింఛను ఏ సూచీతో పెరుగుతుందో అదే సూచీతో వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా పెరగాలి. ఇన్నాళ్లూ ఆగిపోయిన ఆ 200 రూపాయల బాకీ కూడా అప్పుడే తేలుతుంది.

వీటితో ఖజానాకు మిగిలే సొమ్ము పెద్దది కాకపోవచ్చు. ఆ లెక్కతో దీన్ని కొట్టిపారేయడం తేలిక. కానీ ఉద్యోగికి సీపీఎస్ చాలునని, రైతుకు పదెకరాల మెట్ట ఎక్కువని, ముసలి జంటకు ఒక్క పింఛను చాలునని చెప్పే సభ, ఆ మాట ముందు తనకు తాను చెప్పుకుంటే తప్ప దానికి చెప్పే అర్హత రాదు. ఇప్పుడు రాష్ట్ర ఆర్థిక శాఖ ఉరవకొండ నుంచి గెలిచిన పయ్యావుల కేశవ్ చేతిలో ఉంది. కరువు మెట్ట ఓట్లతో సభకు వెళ్లిన మనిషి ఆయన. ఒక మనిషికి ఒక పింఛను అనే బిల్లును వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఆయనే పెట్టాలి. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ఎమ్మెల్యేలందరూ పార్టీలు చూడకుండా దానికి చేయెత్తాలి. వేతనాల పెంపు రోజున ఏకమైనవాళ్లు ఈ రోజున కూడా ఏకం కాగలరు. కాకపోతే ఓటు అడగడానికి వచ్చినప్పుడు ప్రతి ఊళ్లోనూ ఆ ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పాలి.